రెండు సున్నల టూ

గద్వాల,
12 మే 2024

ఒసేయ్ మనీషా,

ఉత్తరం చూడగానే ఎవరో పోయారనుకొని గుండెలు బాదుకోకు. అందరం బాగున్నాం. పోయింది నా ఫోనొక్కటే. మొన్న పడుగుకు గంజి పెడుతూ, ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకొని నీతో మాట్లాడుతున్నాను కదా? నువ్వు మీ ఆడబిడ్డ సంగతి మొదలుపెట్టగానే నాకు నవ్వు ఆగలేదు. ఫోను జారి గంజి గంగాళంలో పడింది. తుడిచి బియ్యం డబ్బాలో పెట్టాను. ఇప్పుడు బియ్యానికీ గంజి పట్టింది.

మా ఆయన రాజ్‌కుమార్ ఫోనుంది గాని, ఎవరు చేసినా స్పీకర్ పెట్టడం ఆయనకు అలవాటు. మా మామ హనుమంతు మగ్గం ఆపి మరీ వింటాడు. నేను చెప్పబోయేది స్పీకర్లో చెప్పేది కాదు.

మనకు పదో తరగతిలో ఇంగ్లీషు చెప్పిన ఎస్తేరు మేడం జులై ముప్పై ఒకటిన రిటైరవుతుందట. వనపర్తిలో మన బడిలోనే సభ. మన బ్యాచ్ తరఫున చీర నేనే నేస్తాను. ఒళ్ళంతా నూలు, అంచులూ కొంగూ రేష్మ పట్టు. అది ఎవరైనా నేస్తారు. నేను మాత్రం కొంగులో హంసలూ పువ్వులూ వేసే చోట ఇంగ్లీషు అక్షరాలు వేస్తాను! మూడు వరుసల్లో ఒక్క మాట. ఒక్కో వరుసకు ఏడు అక్షరాలు దాటొద్దు. ఆ మాట నువ్వు రాసి పంపాలి.

ఎందుకింత తిప్పలని అడగకు, నీకు తెలుసు. ఇరవై ఏండ్లలో మేడం దగ్గర ఇంగ్లీషులో ఫెయిలైన పిల్ల నేనొక్కదాన్నే. ముప్పై ఐదు రావాల్సిన చోట ఇరవై తొమ్మిది. నా కోసం ఆమె రోజూ సాయంత్రం బడిలో ఆగి చెప్పింది, గుర్తుందా? నేను మళ్ళీ పరీక్ష రాయలేదు, ఆమెకు మొహం చూపించలేదు. పదహారేండ్లయింది. ఇప్పుడు ఇంగ్లీషులోనే, ఒక్క తప్పు లేకుండా, నా చేత్తో రాసి ఆమె ముందు పెట్టాలని ఉందే. జర మంచి మాట చూసి పంపు.

నీ,
రోహిణి

నాగర్‌కర్నూల్,
18 మే 2024

మై డియర్ రోహిణీ,

చూశావా, మొదలే ఇంగ్లీషులో మొదలుపెట్టాను.

సరైన మనిషిని పట్టుకున్నావు. కలెక్టరాఫీసు దారిలో ఇన్ని షాపులుంటే జనం నా జిరాక్సు షాపుకే ఎందుకొస్తారు? దరఖాస్తు ఏదైనా ఇంగ్లీషులో కండ్లు మూసుకొని నింపుతానని. నేమ్, ఫాదర్ నేమ్, పర్మనెంట్ అడ్రెస్, టకటకా! మా ఆయన శేఖర్ మాత్రం, "నీ ఇంగ్లీషు ఫారం డబ్బాలల్ల నింపుతందుకే పనికొస్తది, డబ్బా బయట ఒక్క మాట రాదు" అంటున్నాడు. కుళ్ళు.

మూడు రోజులు ఆలోచించాను. అన్నం మాడింది, ఒకాయన ఆధార్ కార్డు బదులు నా చేతిని జిరాక్సు తీశాను. చివరికి దొరికింది చూడు:

యూ ఆర్
టూ గుడ్
టీచర్

వెరీ గుడ్ అనొచ్చు కదా అంటావేమో. వెరీ గుడ్ ప్రతి నోటుబుక్కులో ఉంటుందే! మన మేడం వెరీ గుడ్ దాటిపోయిన మనిషి. వాట్సాప్‌లో ఇప్పుడు ఏం బాగున్నా అందరూ టూ గుడ్, టూ గుడ్ అంటున్నారు. అదీ ఫ్యాషన్.

వేరే కాగితం మీద పెద్ద అక్షరాల్లో రాసి పెట్టాను, చూసి నెయ్యి. టూలో రెండు సున్నలు, మరిచిపోవద్దు. ఒక సున్న టూ ఇంకోటుంది, అది వేరే. దాని జోలికి పోకు.

సభకు ఇద్దరం ఒకే రంగు చీరలు కట్టుకొని పోదాం. స్టేజీ ఎక్కి ఇద్దరం చెరొక అంచు పట్టుకొని ఇద్దాం. ప్రభువు దయవల్ల ఆ రోజు వాన పడకపోతే చాలు.

నీ ఇంగ్లీషు పండితురాలు,
మనీషా

గద్వాల,
9 జూన్ 2024

పండితురాలమ్మకు,

నీ కాగితం మగ్గం మీద వేలాడదీశాను. ఒళ్ళు నేసేశాను. కొంగు మొదలైంది, యూ ఆర్ పూర్తయింది! పోగు చుట్టిన చిన్న చిన్న కండెలు అక్షరానికొకటి పెట్టి, ఒక్కో పోగూ చేత్తో దూర్చి నేస్తున్నాను. ఆర్ అక్షరం కాలు వంకర పోతోందని రెండు రోజులు నా మెడ కూడా అటే వంకర పోయింది.

మా మామకు ఇంగ్లీషు రాదు కదా, అదేదో కొత్త డిజైను అనుకుంటున్నాడు. నిన్న నీ కాగితం ముందు నిలబడి చాలాసేపు చూశాడు.

"ఏందమ్మా, అన్ని సున్నలే ఉన్నయి? ఒకటి, రెండు, మూడు... అయిదు!"

"అక్షరాలు మామా."

"నాకు సున్నల్లెక్క కనబడుతున్నయి. మీ మేడం నీకేసిన మార్కులా గివి?"

మా అత్త తిరుపతమ్మ చరఖా వదిలేసి నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వాక గుండెలో కలుక్కుమంది గాని, ఆయనకు తెల్వదు కదా.

స్టేజీ సంగతి మాత్రం మాట్లాడకు. నేను రాను. చీర రాజ్‌కుమార్‌తో పంపిస్తాను. నీకొకటి చెప్పలేదు. మూడేండ్ల కింద గద్వాల బస్టాండులో మేడం కనబడింది. నేనేం చేశానో తెలుసా? రాయచూరు బస్సు వెనక దాక్కున్నాను. బస్సు కదిలింది, దానితో పాటే నేనూ నడిచాను. గేటు దాకా బస్సు పక్కనే నడిచిన మనిషిని నేను! కండక్టరు తల బయటపెట్టి, "ఎక్కుతవా, తోలుకపోతవా?" అని అడిగాడు. ఇక స్టేజీ నా వల్ల ఏమవుతుంది?

చీర పోతే చాలు. ఒక్క తప్పు లేని చీర.

రోహిణి

నాగర్‌కర్నూల్,
20 జూన్ 2024

నా బంగారు తల్లి రోహిణికి,

ఎట్లున్నావు? ఆరోగ్యం జాగ్రత్త. వేళకు తింటున్నావా? మగ్గం మీద ఎక్కువసేపు కూర్చోకు, నడుము పోతుంది. అసలు ఒక వారం పని ఆపేసి హాయిగా పడుకోరాదూ? తొందరేముంది?

ఊరికే అడుగుతున్నాను, ఎంతవరకు వచ్చింది? ఊరికే. నేసిన దాన్ని విప్పడం కుదురుతుందా? అంటే నీ చీర సంగతి కాదు, మామూలుగా, లోకంలో.

మీ మామకూ అత్తకూ నమస్కారాలు. మీ బియ్యం ఎట్లున్నాయి?

ప్రేమతో,
మనీషా

గద్వాల,
24 జూన్ 2024

మనీషా,

పదహారేండ్ల స్నేహంలో నన్ను బంగారు తల్లీ అన్నది రెండుసార్లే. మొదటిసారి హాస్టల్లో నా కొత్త గౌనుకు ఇస్త్రీపెట్టె అంటించిన రోజు. ఏం కాల్చావే ఇప్పుడు?

టూ గుడ్ వరుస నిన్ననే అయిపోయింది. నాలుగు సున్నలూ గుండ్రంగా, కుదురుగా, చూస్తుంటే ముద్దొస్తున్నాయి. మూడో వరుస టీచర్ ఒక్కటే మిగిలింది.

విప్పడం కుదరదు. కొంగు రేష్మ పోగు ఒకసారి విప్పితే నూగు లేస్తుంది, మళ్ళీ నేస్తే పటపటా తెగుతుంది. వేరే చీర మొదలుపెడదామన్నా మగ్గాలు ఖాళీ లేవు, రెండో మగ్గం మీద మామ పెండ్లి చీరలు ఎక్కించాడు. ఎందుకడిగావు? నిజం చెప్పు. జములమ్మ మీద ఒట్టు, నిజం చెప్పకుంటే నాగర్‌కర్నూల్ వచ్చి నీ షాపు ముందర కూర్చుంటాను.

రోహిణి

నాగర్‌కర్నూల్,
27 జూన్ 2024

రోహిణీ,

ముందు కూర్చో. కూర్చున్నావా? మగ్గం దగ్గర కాదు, చేతికి ఏమీ అందని చోట.

పోయిన వారం మేడం నా షాపుకు వచ్చింది! తెలకపల్లిలో వాళ్ళ చెల్లెలింటికి వచ్చి, పింఛను కాగితాలు జిరాక్సు తీయించుకుందామని. నన్ను చూసి, "మనీషావా? లావయినవే!" అంది. నాకు సంతోషంతో కాళ్ళు నేల మీద ఆగలేదు. ఇంగ్లీషులో ఏదైనా అనాలి కదా. ఆమె చేతిలో కొత్త బ్యాగుంది. షాపు నిండా జనం. గట్టిగా అన్నాను: "మేడం, యువర్ బ్యాగ్ ఈజ్ టూ నైస్!"

మేడం కండ్లద్దాలు కిందికి జరిపింది. ఆ చూపు నీకు తెలుసు.

"టూ నైస్ ఫర్ వాట్, మనీషా?"

"మేడం?"

"నా బ్యాగు దేనికి ఎక్కువైంది? నాకు ఎక్కువైందా? నా మొహానికి గీ బ్యాగు ఎక్కువ అంటున్నవా?"

సచ్చినం పో! అక్కడే, పాడైన జిరాక్సు కాగితం వెనక పాఠం మొదలుపెట్టింది. వెరీ అంటే శానా. టూ అంటే శానా కూడా దాటిపోయి పని చెడగొట్టిందని. ఉప్పు టూ మచ్ అంటే కూర పారబోసుడే. సరిపోను అనాలంటే ఎనఫ్. అది ఎప్పుడూ వెనకే నిలబడాలి: గుడ్ ఎనఫ్ అనాలె, ఎనఫ్ గుడ్ అనొద్దు. రెండు సున్నల టూ వచ్చి, వెనక ఒక సున్న టూ వచ్చిందనుకో, లోపల ఒక 'కాదు' దాక్కుంటుందట. కండ్లకు కనబడదట, అయినా ఉంటుందట.

పాత భూమి పహాణీ కాగితం పట్టుకొని లైన్లో నిలబడ్డ మాసయ్య తాత అందుకున్నాడు. "అంటే అమ్మా, నా కాగితం టూ పాతగున్నది, గందుకే జిరాక్సు అయితలేదు. గట్లనేనా?"

"గట్లనే! టూ ఓల్డ్ టూ కాపీ. ఎంత పాతదంటే కాపీ కాదు. చూడు మనీషా, ఈ పెద్దాయనకు తెలిసింది."

రోహిణీ, నేను పాఠం వినడం లేదు. మగ్గం మీద నీ చీర కనబడుతోంది. యూ ఆర్ టూ గుడ్ టీచర్! మీరు మంచితనం ఎక్కువై పాడైన టీచర్ అని, రేష్మలో, నలుగురిలో, ఆమె ఒంటి మీద కప్పబోతున్నాం. ఒకవేళ అది నడిచినా టీచర్ ముందర 'ఎ' అన్న చిన్న మాట ఉండాలని శేఖర్ అంటున్నాడు, అదీ లేదు.

వారం నుంచి అన్నం సయిస్తలేదు. నీకు చెప్పే ధైర్యం లేక బంగారు తల్లీ అని రాశాను. నాకు తోచినవి చెప్తాను, కొట్టకు. ఒకటి, టూలో ఒక సున్న మీద పువ్వు కుట్టేద్దాం. (శేఖర్ అంటున్నాడు, అప్పుడు ఇంకా తప్పవుతుందట.) రెండు, మూడో వరుసలో ఎనఫ్ అని నేద్దాం. టూ గుడ్ ఎనఫ్. ఎక్కువా సరిపోనూ రెండూ ఉంటాయి, ఆమెకు ఏది కావాలంటే అది తీసుకుంటుంది. మూడు, సభ రోజు కరెంటు తీయించే మనిషి నాకు తెలుసు.

నన్ను క్షమించు. నీ రెండో ఫెయిలు నా వల్ల అవుతుందంటే నాకు ఏడుపొస్తోంది.

మనీషా

(కార్డు)
గద్వాల, 30 జూన్

మనీషా,
నీ జిరాక్సు మిషను నడిబజార్ల పేలిపోను.
రోహిణి

గద్వాల,
6 జులై 2024

మనీ,

నీ మిషను పేలలేదు కదా? పేలొద్దు. తిట్టు వాపసు తీసుకున్నాను.

కార్డు రాసిన రోజు నిజంగానే ఏడ్చాను. నాలుగు రోజులు పోగు దూర్చే నాడె ముట్టలేదు. మామ వచ్చి, "పోగు తెగిందా, మనసు తెగిందా?" అని అడిగాడు. తలనొప్పి అని చెప్పాను. రెండోసారి కూడా ఇంగ్లీషులోనే, అదే మనిషి ముందు! నా నుదుటి మీద ఇరవై తొమ్మిది అని ఎవరో పచ్చబొట్టు పొడిచారనిపించింది.

అయిదో రోజు పొద్దున అత్తను అడిగాను. "అత్తమ్మా, మనసు బాగలేదు, జమ్మిచేడు పోయి జములమ్మకు దండం పెట్టుకొని వద్దామా?"

అత్త చరఖా తిప్పుతూనే, "చూద్దాంలే" అంది.

పదమూడేండ్ల కాపురంలో ఆ మాట నాకు అర్థం కానిదా? చూద్దాంలే అంటే వద్దు అని. సినిమాకు పోదామా అంటే చూద్దాంలే, అమ్మగారింటికి పోయొస్తా అంటే చూద్దాంలే. ఆ మాటలో 'వద్దు' ఎక్కడైనా ఉందా? లేదు. అయినా ఉంది!

ఒక్కసారి లేచి నిలబడ్డాను మనీ. తల మగ్గం కొయ్యకు తగిలి ఖణేల్మంది. కనబడని 'కాదు'! మేడం చెప్పింది ఇదే కదా! అంటే టూ గుడ్ తప్పు కాదే. సగం, అంతే. దేనికి ఎక్కువైందో చెప్పకుండా ఆపితే తప్పు. చెప్తే ఒప్పు. ఇంకా ఒక వరుస చోటుంది కదా! టీచర్ తీసిపారేసి, నువ్వు జోలికి పోకన్న ఆ ఒక సున్న టూనే తెచ్చి అక్కడ నిలబెడితే?

దాని వెనక ఒక పని రావాలి. పిల్లల డిక్షనరీ ముందేసుకొని కూర్చున్నాను. టూ గుడ్ టూ ఈట్. తినలేనంత మంచిది, ఛీ. టూ గుడ్ టూ స్లీప్. టూ గుడ్ టూ వాష్. రాజ్‌కుమార్ పక్కన కూర్చొని, "టూ గుడ్ టూ ఫ్రై పెట్టు" అంటాడు. ఇద్దరం నవ్వీ నవ్వీ కడుపు పట్టుకున్నాం. ఎఫ్ పేజీలో ఫ్రైకి పైన ఇంకో మాట ఉంది. చూశాను. నవ్వు ఆగిపోయింది.

యూ ఆర్
టూ గుడ్
టూ ఫర్గెట్

ఎంత మంచివారంటే, మరవలేం. 'లేం' ఎక్కడా కనబడదు, లోపలుంది.

ఇది ఒప్పేనా? నాకు ఒప్పే అనిపిస్తోంది, కానీ నాకు ఒప్పనిపించిందే పదో తరగతిలో రాశాను. నీకు ఒప్పనిపిస్తే అసలే లాభం లేదు. తెలిసినవాళ్ళను అడిగి వెంటనే రాయి. మేడంను మాత్రం అడగకు! టీచర్‌కు ఏడు అక్షరాలు, దీనికి ఎనిమిది. జర సన్నగా నేస్తే పడుతుంది. నీ జవాబు వచ్చేదాకా నాడె వెయ్యను.

రోహిణి

నాగర్‌కర్నూల్,
9 జులై 2024

రోహిణీ! రోహిణీ! రోహిణీ!

నీ ఉత్తరం చదివి నేను వేసిన కేకకు శేఖర్ షాక్ కొట్టిందనుకొని మెయిన్ ఆఫ్ చేశాడు. లైన్లో ఉన్నవాళ్ళందరూ నన్ను తిట్టారు. తిట్టనీ!

డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు చెప్పే సింధూజ మేడం జిరాక్సుకు వస్తుంది. ఆమెకు చూపించాను. రెండుసార్లు చదివి, "పర్ఫెక్ట్. ఎవరు రాసిన్రు?" అని అడిగింది. నేనేనని నోటి దాకా వచ్చింది, ప్రభువు మీద ఒట్టు, ఆపుకున్నాను. గద్వాలలో మా రోహిణి అని చెప్పాను. నెయ్యి తల్లీ, నెయ్యి!

కానీ ఒక చిక్కుంది. చీర మడతల్లో ఉంటుంది. మేడం రెండో వరుస దాకా విప్పి ఆగిపోయిందనుకో? 'టూ గుడ్ ఫర్ వాట్' అని అక్కడే మొదలుపెట్టిందనుకో? ఇంకో మడత ఉందని చెప్పే మనిషి అక్కడుండాలి. రాజ్‌కుమారన్న చెప్తాడా? ఆయన టూ ఫ్రై అంటాడు. నువ్వే పోవాలి.

నేనా? నేను రాలేనే. ఆ రోజు షాపుకు తాళం పెట్టడం కుదరదు. కడుపులో కూడా బాగుండటం లేదు. సరే, నిజం రాస్తాను. టూ అన్న మాట కనబడగానే మేడం నా మొహం కోసం వెతుకుతుంది. నాకు భయం. నీకు పదహారేండ్ల భయం, నాది ఇరవై రోజులదే, ఇంకా పచ్చిగా ఉంది. ఈసారి బస్సు వెనక కాదు, బస్సులో ఎక్కి పో.

మనీషా

గద్వాల,
1 ఆగస్టు 2024

పిరికిదానా,

పోయాను! బస్సులోనే. మామ, అత్త, రాజ్‌కుమార్ అందరూ వచ్చారు. చీర నా ఒళ్ళో పెట్టుకొని దారి పొడుగునా ఒక సున్న, రెండు సున్నలు అనుకుంటూ కూర్చున్నాను. పక్క సీటావిడ నేను మంత్రం చదువుతున్నాననుకొని దండం పెట్టింది.

హాలు కిటకిటలాడింది. నేను వెనక స్తంభం పక్కన నిలబడ్డాను. చీరను మన వెంకటన్న సార్ చేతికిచ్చి స్టేజీ మీదికి పంపాను. మేడం జుట్టు మొత్తం తెల్లబడిందే. చీర తీసుకొని, అంచు తడిమి, కొంగు చూసింది. యూ ఆర్. నవ్వింది. ఇంకో మడత తీసింది. టూ గుడ్.

నవ్వు పోయింది. కండ్లద్దాలు కిందికి జరిగాయి. మైకు ముందే ఉంది.

"టూ గుడ్... ఫర్ వాట్?"

హాలంతా గొల్లుమంది. వాళ్ళందరూ ఆమె పిల్లలే, అందరూ ఆ దెబ్బ తిన్నవాళ్ళే! కాళ్ళు గేటు దిక్కు తిరిగాయి, నిజంగా తిరిగాయి. అప్పుడు నా నోట్లోంచి నాకే తెలియకుండా ఒక అరుపు వచ్చింది.

"ఇంగో మడత ఉంది మేడం!"

మూడొందల తలలు వెనక్కి తిరిగాయి. మేడం మడత తీసింది. చదివింది. మళ్ళీ మొదటి నుంచి వేలు పెట్టి చదివింది.

"ఎవరు నేసిన్రు? ముందుకు రా."

ఎట్లా నడిచానో తెల్వదు. స్టేజీ ఎక్కి, "నేను మేడం. రోహిణి. రెండువేల ఎనిమిది బ్యాచ్. ఫెయి..." అన్నాను.

"తెలుసు. ఆ ఏడు పాసయినోళ్ళు ముప్పై ఆరు మంది, సగం మంది పేర్లు యాదికి లేవు. నీ పేరు మాత్రం ఒక్కరోజు మరవలేదు. మళ్ళ రాస్తవని చూసిన. నేను సరిగ చెప్పలేదా అని ఎన్నిసార్లు అనుకున్ననో." ఇది మైకులో కాదు, నాకొక్కదానికే చెప్పింది. నేను ఇన్నేండ్లు దాక్కున్నది నన్ను తప్పు పట్టే మనిషి నుంచి కాదు మనీ. తనను తానే తప్పు పట్టుకుంటున్న మనిషి నుంచి!

అంతలోనే మైకు నా నోటి ముందు పెట్టింది. ఆమె మారలేదు. "దీంట్ల నాట్ ఏడున్నది? అందరికి చెప్పు."

"కనబడదు మేడం. లోపలుంటది. మా అత్త చూద్దాంలే అన్నట్టు."

ముందు వరుసలో మా అత్త నోరు తెరిచింది. ఆడవాళ్ళ దిక్కు నుంచి మొదలైన నవ్వు హాలంతా పాకింది. మేడం కొంగు కండ్లకు అడ్డం పెట్టుకొని నవ్వింది. నవ్విందో ఏడ్చిందో, భుజాలు మాత్రం కదులుతున్నాయి. మా మామ లేచి నిలబడి చప్పట్లు కొడుతూ పక్కాయనకు చెప్తున్నాడు: "ఏడు సున్నలు! అన్ని మా కోడలు నేసినయే!"

ఇంగ్లీషు ఎవరిదని మేడం అడిగింది. మొదటి రెండు వరుసలు మనీషావి, చివరిది నాది అని చెప్పేశాను, ఇక నీ ఖర్మ. "అనుకున్న. శనివారం నాగర్‌కర్నూల్ వస్తనని చెప్పు" అంది. షాపుకు తాళం పెట్టినా లాభం లేదు, మీ ఇల్లు కూడా చూపిస్తానన్నాను.

తరువాత చీర భుజాన వేసుకొని, మైకు దగ్గరికి లాక్కొని, హాజరు పిలిచే గొంతుతో, "రోహిణి, ఇంగ్లీషు... పాస్!" అంది.

ఆ చప్పట్లలో నాకేమీ వినబడలేదు. ఏడుస్తున్నానో నవ్వుతున్నానో తెలియడం లేదు. ఆమె చెవి దగ్గరికి వంగి అడిగాను.

"ఎన్ని మార్కులు మేడం?"

మేడం నా తల మీద చెయ్యి పెట్టింది.

"ఎనఫ్."

ఇట్లు,
పాసయిన రోహిణి